నిత్యత్వం కంటితో మనిషి బతుకు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం సాయంత్రాలు మేం కొంతమందిమి కలిసి కూర్చుని స్పినోజాను చదువుకుంటాం. ఒక్కోసారి రెండు వాక్యాల దగ్గరే గంట గడిచిపోతుంది. కొత్తవాళ్లు వస్తూనే ఉంటారు, అవే సందేహాలు తిరిగి వస్తూనే ఉంటాయి. "అంతా మట్టిలో కలిసేదేగా, ఇంకెందుకండీ ఇదంతా?" అన్న ప్రశ్న రాని నెల లేదు. అందుకే వాళ్లు అడిగిన మాటల్లోనే ప్రశ్నలన్నీ ఒకచోట రాసిపెట్టాను. వరసగా చదవక్కర్లేదు. మీ ప్రశ్న ఎక్కడుంటే నేరుగా అక్కడికి వెళ్లండి.

## మొదటిసారి వింటున్నవాళ్లు అడిగేవి

"నిత్యత్వం కోణంలో చూడటం" అంటే అసలు ఏంటి?

జరిగిన ఏ విషయాన్నైనా రెండు రకాలుగా చూడొచ్చు. ఎప్పుడు జరిగింది, ఎక్కడ జరిగింది, నాకు లాభమా నష్టమా అని చూడటం ఒకటి. అది ఏ కారణాల వల్ల జరిగింది, ఆ కారణాలు వేటి నుంచి వచ్చాయి, మొత్తం ప్రకృతిలో దాని చోటు ఏది అని చూడటం రెండోది. 17వ శతాబ్దపు డచ్ తత్వవేత్త స్పినోజా ఈ రెండో చూపుకి లాటిన్‌లో "సబ్ స్పెషీ ఎటర్నిటాటిస్" అని పేరు పెట్టాడు. నిత్యత్వం కోణంలో చూడటం అని అర్థం.

త్రిభుజాన్ని తీసుకోండి. దాని మూడు కోణాలూ కలిపితే 180 డిగ్రీలు. ఇది ఎప్పటినుంచి నిజం? నిన్నటినుంచా, యూక్లిడ్ రాసినప్పటినుంచా? ఆ ప్రశ్నే అతకదు. త్రిభుజం అంటేనే అది. ఒక మనిషి జీవితాన్ని, ఒక చావును, ఒక కోపాన్ని కూడా ఇలా "ఇది ఇందుకే ఇలా ఉంది" అన్నంత స్పష్టంగా చూడగలమా అన్నదే స్పినోజా పట్టుకున్న ప్రశ్న.

నిత్యత్వం అంటే కోట్ల సంవత్సరాలు అనే కదా?

కాదు. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల సంవత్సరాలు, భూమి వయసు 454 కోట్లు. మన పురాణ గణితంలో బ్రహ్మకు ఒక పగలు, అంటే ఒక కల్పం, 432 కోట్ల సంవత్సరాలు. ఇవన్నీ చాలా పెద్ద అంకెలు, అంతే. అంకె ఎంత పెద్దదైనా అది కాలమే.

నిత్యత్వాన్ని కాలంతో కొలవలేమనీ, ఆ కాలానికి మొదలూ చివరా లేవనుకున్నా కొలవలేమనీ స్పినోజా తన నిర్వచనంలోనే చెప్పాడు. ఆయనకంటే పదకొండు వందల ఏళ్ల ముందు, మరణశిక్ష కోసం ఎదురుచూస్తూ జైల్లో రాసుకున్న రోమన్ తత్వవేత్త బోయెథియస్ ఇంకా అందంగా చెప్పాడు. అంతులేని జీవితం మొత్తం ఒక్కసారిగా, పూర్తిగా చేతిలో ఉండటమే నిత్యత్వం అన్నాడు. పొడవు గురించి కాదు, ఆ "ఒక్కసారిగా" అన్న మాట గురించి ఆలోచించండి.

స్పినోజా ఎవరు? ఆయన బతుకు ఎలా గడిచింది?

1632 నవంబర్ 24న ఆమ్‌స్టర్‌డామ్‌లో, పోర్చుగల్ నుంచి వచ్చి స్థిరపడ్డ యూదు కుటుంబంలో పుట్టాడు. 1656 జూలై 27న, 23 ఏళ్ల వయసులో, ఆయన్ని సమాజం నుంచి వెలి వేశారు. ఎవరూ ఆయనతో మాట్లాడకూడదు, ఒకే కప్పు కింద ఉండకూడదు, రాసింది చదవకూడదు. ఆ వెలి ఎప్పటికీ ఎత్తేయలేదు. తర్వాత సూక్ష్మదర్శినులకు, దూరదర్శినులకు గాజు అద్దాలు అరగదీసి నున్నచేసే పని చేసుకుంటూ బతికాడు. 1673లో హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ ఉద్యోగం ఇస్తామంటే, తత్వం మీద స్వేచ్ఛగా మాట్లాడటానికి అడ్డం వస్తుందని వద్దన్నాడు. ఊపిరితిత్తుల జబ్బుతో 1677 ఫిబ్రవరి 21న హేగ్ నగరంలో పోయాడు. అప్పటికి 44 ఏళ్లు. ఆయన ముఖ్య గ్రంథం "ఎథిక్స్" ఆయన పోయాకే అచ్చయింది, మరుసటి ఏడాదే అక్కడి ప్రభుత్వం దాన్ని నిషేధించింది.

ఇదంతా చెప్పడానికి కారణం ఉంది. నిత్యత్వం గురించి రాసినాయన ఏ లోటూ లేకుండా కూర్చుని రాసినవాడు కాదు.

ఇది మన వేదాంతంలో ఎప్పటినుంచో ఉన్నదేగా?

దగ్గరగా ఉంది. అదే మాత్రం కాదు. వేదాంతం చదవబోయేవాడికి ఉండాల్సిన మొదటి అర్హత నిత్యానిత్య వస్తు వివేకం, అంటే ఎప్పటికీ ఉండేదేది, పోయేదేది అని వేరు చేసి చూడగలగడం. అక్కడినుంచి అద్వైత ఆచార్యుడు గౌడపాదుడు చాలా దూరం వెళ్లాడు. మొదట్లోనూ చివర్లోనూ లేనిది మధ్యలో కూడా లేనట్టే అన్నాడు. ఆ లెక్కన పుట్టి పోయే మనం మధ్యలో ఉన్నట్టు తోచేవాళ్లం మాత్రమే.

స్పినోజా ఆ మాట అనడు. ఆయనకు అలా పుట్టి పోయే కుండ, చెట్టు, మనిషి అన్నీ నిజమే. ఒకే సత్యం అన్ని రూపాల్లో వ్యక్తమవుతోందనీ, కాబట్టి ఒక్కో వస్తువునూ ఎంత బాగా అర్థం చేసుకుంటే దేవుణ్ణి అంత బాగా అర్థం చేసుకున్నట్టనీ అంటాడు. పోయేదాన్ని పక్కకు నెట్టి నిత్యాన్ని పట్టుకోమనడం లేదు. పోయేదానిలోనే చూడమంటున్నాడు. నాకు ఈ తేడా చిన్నదిగా అనిపించదు.

మన ఇళ్లలో దీనికి ఇంకా దగ్గరగా ఉన్నది పూజ ముందు చెప్పే సంకల్పం అని నా అభిప్రాయం. బ్రహ్మ ఆయుష్షులో ద్వితీయ పరార్ధంతో మొదలవుతుంది. శ్వేతవరాహ కల్పం, వైవస్వత మన్వంతరం, కలియుగం, ప్రథమ పాదం. అక్కడినుంచి జంబూద్వీపం, భరతవర్షం, శ్రీశైలానికి ఏ దిక్కు, ఏ నదుల మధ్య. తర్వాత సంవత్సరం, మాసం, తిథి, వారం. ఆఖరికి మీ గోత్రం, మీ పేరు. అమెరికాలో ఉన్న మనవాళ్ల కోసం "క్రౌంచద్వీపే" అని మార్చి చెప్పేవాళ్లూ ఉన్నారు. అంటే అడ్రసు మారితే సంకల్పం కూడా మారాలి. అంత పెద్ద కాలం చెప్పింది మీరు ఎంత చిన్నవాళ్లో గుర్తు చేయడానికి కాదు, మీరు ఎక్కడున్నారో కచ్చితంగా చెప్పడానికి. చిన్నప్పుడు పంతులుగారు ఈ భాగం గబగబా చదివేస్తుంటే కుడుముల మీద చూపు పెట్టుకుని కూర్చునేవాణ్ణి. ఇప్పుడు ఆ నాలుగు వాక్యాల కోసమే ముందు వరసలో కూర్చుంటున్నాను.

"నిత్యం" అంటే రోజూ అని కదా మనం వాడేది?

రెండూ. నిత్యావసర వస్తువులు, నిత్యపూజ, నిత్యం గొడవలే అన్నప్పుడు రోజూ అని. నిత్యసత్యం అన్నప్పుడు ఎప్పటికీ అని. రోజూ ఉండేదానికీ ఎప్పటికీ ఉండేదానికీ మన భాష ఒకటే మాట వాడుతోంది. "ఎథిక్స్"ను తెలుగువాళ్లం తెలుగులో ఆలోచిస్తూ చదువుకోవడం వల్ల నాకు దొరికిన మంచి ఆధారం ఇది.

## చదవడం మొదలుపెట్టాక వచ్చేవి

అన్నీ కారణాల వల్లే జరిగితే, ఇక నేను చేసేదేముంది? తలరాత అన్నట్టేగా?

తలరాత అన్నప్పుడు ఎవరో ముందే రాసిపెట్టారనీ, మనం ఏం చేసినా అదే జరుగుతుందనీ అర్థం. స్పినోజా లోకంలో రాసేవాడు లేడు. మనం చేసేది కూడా కారణాల్లో ఒకటి. మందు వేసుకుంటే జ్వరం తగ్గడం ఎంత కారణబద్ధమో, వేసుకోకపోతే పెరగడం కూడా అంతే కారణబద్ధం. "ఎలా రాసుంటే అలా అవుతుంది" అని మందు మానేసినవాడు కారణాల్ని అర్థం చేసుకున్నవాడు కాదు, వాటిని వదిలేసినవాడు.

ఆయన దృష్టిలో స్వేచ్ఛ అంటే కారణాలు లేకపోవడం కాదు. బయటి తోపుళ్లకు కొట్టుకుపోకుండా, మనం అర్థం చేసుకున్నదాని నుంచి మన పని పుట్టడం. కోపంలో మెసేజ్ పెట్టేసి తర్వాత డిలీట్ చేసిన ప్రతివాళ్లకీ ఈ రెండింటి మధ్య తేడా తెలుసు.

రక్తంలో పురుగు కథ ఏంటి? అందరూ దాని గురించే చెబుతున్నారు.

1665 నవంబర్‌లో స్పినోజా లండన్‌లోని తన మిత్రుడు ఓల్డెన్‌బర్గ్‌కు రాసిన ఉత్తరంలో ఉంది. రక్తంలో ఒక చిన్న పురుగు బతుకుతోందనుకోండి. దానికి చూపుంది, ఆలోచించే తెలివి ఉంది. రక్తంలోని ఒక్కో కణాన్ని అది విడివిడి వస్తువుగా చూస్తుంది. అవి ఒకదాన్నొకటి గుద్దుకోవడం చూస్తుంది. కానీ ఈ కదలికలన్నీ రక్తం అనే ఒక మొత్తానికి చెందినవని దానికి తెలియదు. ఈ విశ్వంలో మనమూ ఆ పురుగులాగే ఉన్నాం అన్నాడు.

చాలామంది దీన్ని "మనం పురుగులతో సమానం" అన్న తిట్టుగా తీసుకుంటారు. ఉత్తరం మొత్తం చదివితే అందులో తిట్టు లేదు. ఓల్డెన్‌బర్గ్ అడిగింది, ప్రకృతిలో ఒక్కో భాగం మొత్తంతో ఎలా పొసుగుతుంది అని. జవాబు దాని గురించే. అద్దాలు అరగదీసే మనిషికి రక్తాన్ని అంత దగ్గరగా ఊహించడం సహజం కూడా.

అంటే ఆత్మ చావదని స్పినోజా ఒప్పుకున్నట్టేనా?

"ఎథిక్స్" ఐదో భాగం 23వ ప్రతిపాదనలో, శరీరంతో పాటు మనసు పూర్తిగా నశించదనీ, దానిలో నిత్యమైనది ఒకటి మిగులుతుందనీ రాశాడు. దీని మీద పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నాకు అర్థమైనంతవరకు ఇది పునర్జన్మా కాదు, స్వర్గమూ కాదు. జ్ఞాపకాలు, ఊహలు శరీరంతోనే పోతాయని ఆయనే చెప్పాడు. అంటే "నేను" అని మనం మురిసిపోయే పేరు, ముఖం, ఆల్బమ్ మిగలవు. మనం నిజంగా అర్థం చేసుకున్నదేదో అది కాలానికి చెందినది కాదు, కాబట్టి కాలంతో పోదు. ఆ వివరణలోనే, మనం నిత్యులమని మనకు అనుభవంలో తెలుస్తూనే ఉంది అని ఒక వాక్యం ఉంది. గణితపుస్తకంలా సాగే గ్రంథంలో ఆ వాక్యం దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను.

ఆయన దేవుణ్ణి నమ్మాడా, నమ్మలేదా?

దేవుడు, ప్రకృతి వేరు కాదన్నాడు. మొక్కు తీర్చే దేవుడు, శిక్షించే దేవుడు ఆయన పుస్తకంలో లేడు. కానీ అద్దెకున్న ఇంటి ఆవిడ, మా మతంలో ఉండి నేను తరించగలనా అని అడిగితే, మీ మతం మంచిదే, ఇంకోటి వెతుక్కోవద్దు అన్నాడట. ఆయన తొలి జీవితచరిత్రకారుల్లో ఒకరైన కొలెరస్ రాసిన సంగతి ఇది. గుడికి వెళ్లేవాళ్లు ఈ పుస్తకం చదవడానికి భయపడక్కర్లేదు.

పొయ్యిని చూస్తూ కూర్చున్న తత్వవేత్త ఎవరు?

విట్గెన్‌స్టీన్. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుడిగా ఉన్నప్పుడు, 1916 అక్టోబర్‌లో, నోటుబుక్కులో రాసుకున్నాడు. నేను పొయ్యిని ధ్యానంగా చూస్తున్నాను అంటే, "ఇంతా చేసి నీకు తెలిసింది ఒక పొయ్యేనా" అని ఎవరైనా అనొచ్చు. లోకంలో ఉన్న అనేక వస్తువుల్లో ఒకటిగా చూస్తే ఆ మాట నిజమే. కానీ దాన్ని చూస్తున్నప్పుడు అదే నా లోకం, మిగతావన్నీ దాని ముందు వెలవెలబోతాయి అంటాడు. కళ అంటే ఒక వస్తువును నిత్యత్వం కోణంలో చూడటం, మంచి జీవితం అంటే లోకాన్ని అలా చూడటం అని కూడా ఆ రోజుల్లోనే రాశాడు. యుద్ధం నడుస్తుండగా పొయ్యి గురించి ఆలోచించాడంటే, ఈ చూపుకి కొండ శిఖరం ఎక్కక్కర్లేదు.

## మనసు బాగోలేనప్పుడు అడిగేవి

పది లక్షల ఏళ్ల తర్వాత నేను చేసిందేదీ మిగలదు. మరి ఎందుకు చేయాలి?

1971లో అమెరికన్ తత్వవేత్త థామస్ నేగెల్ దీనికి ఒక్క వాక్యంలో జవాబిచ్చాడు. ఇప్పుడు చేసేది పది లక్షల ఏళ్ల తర్వాత లెక్కలోకి రాదంటే, అదే న్యాయం ప్రకారం, పది లక్షల ఏళ్ల తర్వాత లెక్కలోకి రాకపోవడం కూడా ఇప్పుడు లెక్కలోకి రాదు. అక్కడున్నవాళ్లకు ఇక్కడి సంగతి పట్టకపోతే, ఇక్కడున్న మనకు అక్కడి సంగతి ఎందుకు పట్టాలి?

ఇంకో మాట నేను కలుపుతాను. మీ పాపకు జ్వరం వచ్చిన రాత్రి తడిగుడ్డ వేస్తూ కూర్చున్నారు. తెల్లారేసరికి జ్వరం దిగింది. ఆ పని విలువ ఆ రాత్రికే పూర్తయింది. దానికి తర్వాత ఎవరో గుర్తింపు ఇవ్వాల్సిన బాకీ ఏమీ లేదు. మిగలడం వల్లే విలువ వస్తుందనుకుంటే, కొండరాయికి మీకంటే ఎక్కువ విలువ ఉండాలి.

రాత్రి ఆకాశం చూస్తే భయమేస్తుంది. ఇంత పెద్ద విశ్వంలో నేనెంత?

ఆ భయం మీ ఒక్కరిదే కాదు. స్పినోజా కాలంలోనే ఫ్రాన్స్‌లో ఉన్న పాస్కల్, ఈ అనంతమైన ఆకాశాల శాశ్వత మౌనం నన్ను భయపెడుతోంది అని రాసుకున్నాడు. గొప్ప గణితవేత్త, ఆ అనంతాన్ని లెక్కల్లో చూసినవాడు.

దీనికి నాకు నచ్చిన జవాబు కేంబ్రిడ్జి యువకుడు ఫ్రాంక్ రామ్‌సే 1925లో స్నేహితుల ముందు చదివిన వ్యాసంలో ఉంది. నక్షత్రాలు పెద్దవే కావచ్చు, కానీ అవి ఆలోచించలేవు, ప్రేమించలేవు, పరిమాణం కంటే నాకు ఎంతో గొప్పగా అనిపించేవి ఆ రెండూ అన్నాడు. నా లోకచిత్రం కొలతకు గీసిన నమూనా కాదు, అందులో ముందు మనుషులుంటారు, నక్షత్రాలు చిన్న నాణెమంత ఉంటాయి అన్నాడు. ఆయన 26 ఏళ్లకే పోయాడు. ఆ మాటలు చదివినప్పుడు ఆ సంగతి కూడా గుర్తుకొస్తుంది.

ఇది శ్మశాన వైరాగ్యం లాంటిదేనా?

పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం అని మనవాళ్లు మూడు చెప్పారు. మూడూ నిమిషాల్లో దిగిపోయేవే. శవాన్ని దించి ఇంటికొచ్చి స్నానం చేసేసరికి పొలం గట్టు తగాదా మళ్లీ గుర్తొస్తుంది. అది చావును చూసి కలిగిన బెదురు, అందుకే నిలవదు. స్పినోజా దారి దీనికి ఎదురుగా ఉంది. స్వేచ్ఛ ఉన్న మనిషి చావు గురించి ఆలోచించినంత తక్కువగా దేని గురించీ ఆలోచించడు, అతని వివేకం చావు మీద కాదు, జీవితం మీద అని "ఎథిక్స్" నాలుగో భాగంలో రాశాడు.

నాకు ఏదీ ముఖ్యం అనిపించడం లేదు. ఇది తత్వమా, డిప్రెషనా?

ఈ ప్రశ్న ఎవరు అడిగినా ముందు నేను తిరిగి అడిగేది, నిద్ర పడుతోందా, తింటున్నారా అని. ఈ చూపు సరిగ్గా ఉన్నప్పుడు లోకం మీద ఆసక్తి పెరుగుతుంది. ఆకు మీద చీమ కూడా చూడబుద్ధేస్తుంది. ఆసక్తి చచ్చిపోతుంటే, వారాల తరబడి నిద్రా ఆకలీ పోతే, బతకడం దేనికి అనిపిస్తుంటే, అది తాత్విక దర్శనం కాదు, సాయం అవసరమైన బాధ. పుస్తకం మూసి ఇంట్లోవాళ్లకు చెప్పండి, డాక్టర్‌ను కలవండి. ప్రభుత్వం నడిపే టెలిమానస్ నంబర్ 14416కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడొచ్చు. తర్వాత చదువుకుందాం, స్పినోజా ఎక్కడికీ పోడు.

మా ఇంట్లో మనిషి పోయారు. నిత్యత్వం కోణం అంటుంటే ఒళ్లు మండుతోంది. ఇది నాకేం ఓదార్పు?

మండడం సహజం. పోయిన పదోరోజు ఎవరైనా నాకు ఈ మాట చెప్పి ఉంటే లేచి వెళ్లిపోయేవాణ్ణి. అందుకే సిద్ధాంతం కాకుండా నాకు జరిగింది చెబుతాను.

మా అమ్మకు ఒక ఆదివారం ఛాతీలో మంట. మేం మొదట చూపించిన చోట గ్యాస్ అని మాత్రలిచ్చి పంపేశారు. రెండు రోజులకు పోయింది. ఆ తర్వాత ఏడాది పాటు నా తలలో ఒకటే సినిమా. ఆ రోజే పెద్దాసుపత్రికి తీసుకెళ్లుంటే? ఇంకొకర్ని అడిగుంటే? రాత్రి రెండింటికి లేచి కూర్చుని ఈ "ఉంటే"లన్నీ లెక్కపెట్టేవాణ్ణి.

"ఎథిక్స్" ఐదో భాగంలో స్పినోజా ఒక మాట అంటాడు. పోయినదాన్ని ఏ రకంగానూ నిలుపుకోగలిగేవాళ్లం కాదని తెలిసినప్పుడు దుఃఖం కొంత తగ్గుతుంది. పసిపిల్ల నడవలేదనీ మాట్లాడలేదనీ ఎవరూ జాలిపడరు, ఎందుకంటే అది సహజమని అందరికీ తెలుసు. మొదట చదివినప్పుడు ఇది నాకు రాయిలా తగిలింది. కానీ ఒకరోజు కాగితం తీసుకుని కారణాలు రాయడం మొదలుపెట్టాను. ఆమెకు ఇరవై ఏళ్ల షుగర్. నొప్పి చెప్పుకోవడం నామోషీ అనుకునే అలవాటు, అది వాళ్లమ్మ నుంచి వచ్చింది. ఆదివారం. డాక్టరు మాట మీద నాకున్న నమ్మకం, అది కూడా ఆమే నేర్పింది. ఆ రోజు నాకు తెలిసింది అంతే. ఆ తెలిసినదానితో నేను ఇంకోలా చేసి ఉండేవాణ్ణి కాదు. కాగితం నిండేసరికి "ఉంటే" అన్న మాటకు చోటు లేకుండా పోయింది.

బాధ పోలేదు. ఆ చోట మీద కోపం కూడా పూర్తిగా పోలేదు. రాత్రి రెండింటికి లేవడం మాత్రం ఆగింది.

ఇంకొకటి. ఆమె పోపుల డబ్బా మా వంటింట్లోనే ఉంది. లోపల ఏడు గిన్నెలు. ఆవాల గిన్నె అంచు మీద ఒకేచోట చిన్న సొట్ట. ఆవాలు తీశాక చెంచాను అక్కడ టక్కుమని తట్టేది, ఒక్క గింజ కూడా నేలపాలు కాకూడదని. చెంచా కూడా ఒకవైపే అరిగింది, ఎందుకంటే ఆమె ఎడమచేతి వాటం. ముప్పై ఏళ్ల పొద్దులన్నీ ఆ సొట్టలో ఒకేచోట ఉన్నాయి, వరసగా కాదు, ఒక్కసారిగా. నిత్యత్వం కోణం అంటే దూరంగా జరిగి చూడటం అని అందరూ అనుకుంటారు. నాకు తెలిసినంతలో అది ఆ గిన్నె అంచుని చూసినంత దగ్గరగా చూడటం.

మీకు ఇప్పుడే ఇది కుదరకపోవచ్చు. ముందు ఏడవండి. తొందరేమీ లేదు.

## రోజువారీ బతుకులోకి తెచ్చుకునేటప్పుడు

ఇలా చూస్తే అన్యాయం మీద కోపం కూడా చచ్చిపోదా?

1672 ఆగస్టు 20న హేగ్‌లో ఒక గుంపు, అప్పటిదాకా దేశాన్ని నడిపించిన యోహాన్ డి విట్‌నీ, ఆయన అన్న కార్నెలిస్‌నీ వీధిలో చంపి ముక్కలు చేసింది. స్పినోజా అప్పుడు అదే ఊళ్లో ఉన్నాడు. "మీరు అనాగరికుల్లోకెల్లా నీచులు" అని కాగితం మీద రాసి, ఆ రాత్రే హత్య జరిగిన చోట అంటించడానికి బయల్దేరబోతే, ఇంటి యజమాని ఆయన్నీ చంపేస్తారని తలుపుకి తాళం వేశాడు. తర్వాత నాలుగేళ్లకు తనను కలవడానికి వచ్చిన జర్మన్ తత్వవేత్త లైబ్నిజ్‌తో స్పినోజాయే ఈ సంగతి చెప్పాడు.

మనుషుల చేతల్ని చూసి నవ్వకుండా, ఏడవకుండా, అసహ్యించుకోకుండా అర్థం చేసుకోవడానికే ప్రయత్నించానని రాసుకున్నదీ ఈయనే. రెండూ ఒకే మనిషిలో ఉన్నాయి. అర్థం చేసుకోవడం అంటే ఒప్పుకోవడం కాదు. పేపర్లో పరువు హత్య వార్త చదివి "కర్మ" అని పేజీ తిప్పేసేవాడు నిత్యత్వం కోణంలో చూస్తున్నట్టు కాదు. అతను అసలు చూడటం లేదు. కులం, భయం, నలుగురూ ఏమంటారో అన్న బెంగ, ఇవన్నీ కలిసి ఆ చేతికి కత్తి ఎలా ఇచ్చాయో చూసినవాడే తర్వాతి కత్తిని ఆపగలడు.

ఆఫీసు టెన్షన్‌కి ఇది పనికొస్తుందా?

కొంతవరకు. రోమన్ చక్రవర్తి మార్కస్ ఆరేలియస్ ఇదే చేసేవాడు. డాన్యూబ్ నది దగ్గర యుద్ధ శిబిరాల్లో తనకోసం తను గ్రీకులో రాసుకునేవాడు. ఆసియా, యూరప్ విశ్వంలో మూలలు మాత్రమే, అలెగ్జాండరూ అతని కంచరగాడిదలు తోలేవాడూ చనిపోయి ఒకటే అయ్యారు, ఇలాంటివి. అప్రైజల్‌లో రేటింగ్ తగ్గి ఛాతీ బిగుసుకుపోయినప్పుడు ఈ పైనుంచి చూసే చూపు ఊపిరి ఆడనిస్తుంది.

కానీ దాన్ని రోజంతా వేసుకోకండి. పైనుంచి చూస్తే పక్క సీటులో ఏడుస్తున్న మనిషి కూడా చిన్నగానే కనిపిస్తుంది.

ఎప్పటికీ చావు లేకపోతే బాగుంటుంది కదా?

చెక్ రచయిత కారెల్ చాపెక్ నాటకంలో ఒకావిడ మందు తాగి మూడొందల ఏళ్లు దాటేదాకా బతికింది. పాట, ప్రేమ, కోపం అన్నీ చల్లారిపోయాయి. తత్వవేత్త బెర్నార్డ్ విలియమ్స్ 1973లో ఈ నాటకాన్ని తీసుకుని, అంతులేని బతుకు మనిషికి భరించలేనిదవుతుందని వాదించాడు. ఆ వాదన నన్ను పూర్తిగా ఒప్పించలేదు. మా తాతకి ఇంకో వందేళ్లిచ్చినా మామిడితోట విసుగొచ్చేది కాదు. ఏదేమైనా, పొడుగాటి ఆయుష్షు ఒకటి, నిత్యత్వం ఇంకొకటి. ఒకటి దొరికినంత మాత్రాన రెండోది దొరికినట్టు కాదు.

రోజూ దీన్ని ఎలా సాధన చేయాలి? ఏదైనా పద్ధతి ఉందా?

నేను చేసేది చెబుతాను. రాత్రి పడుకునే ముందు, ఆ రోజు నన్ను ఎక్కువ కుదిపిన ఒక్క విషయం తీసుకుంటాను. దాని కింద "ఎందుకంటే" అని రాసి ఐదు కారణాలు రాస్తాను. మొదటి రెండూ ఎప్పుడూ ఎదుటివాళ్ల తప్పులే. మూడోదాని దగ్గర నా పేరు వస్తుంది. నాలుగూ ఐదూ రాసేసరికి ఎవరి పేరూ ఉండదు. అలసట, డబ్బు, పెంపకం, ఎండ, ఇలాంటివే ఉంటాయి. పది నిమిషాల పని. కొన్ని రోజులు మూడోదాని దగ్గరే ఆగిపోతాను.

ఇవి చదవడం ఎక్కడ మొదలుపెట్టాలి?

"ఎథిక్స్" మొదటి పేజీ నుంచి మొదలుపెడితే నిర్వచనాల దగ్గరే చాలామంది వదిలేస్తారు. మా దగ్గర కొత్తవాళ్లకు ముందు ఓల్డెన్‌బర్గ్‌కు రాసిన ఉత్తరం ఇస్తాం. తర్వాత మొదటి భాగం అనుబంధం, అందులో లెక్కలుండవు, మనుషులు తమ కోసమే లోకం ఉందని ఎందుకు అనుకుంటారో మామూలు మాటల్లో ఉంటుంది. ఆ తర్వాత మూడో భాగం, అసూయ, ఆశ, పశ్చాత్తాపం ఒక్కోదానికీ అతని నిర్వచనాలు చూడండి, మీ ఇంట్లోవాళ్లు ఒక్కొక్కరుగా కనిపిస్తారు. ఐదో భాగం ఆఖరికి ఉంచుకోండి. పెన్సిల్ దగ్గర పెట్టుకోండి, రోజుకి ఒక్క ప్రతిపాదన చాలు.